జాన్ ఊల్మన్: నోరులేని జీవుల మొర వినిన దర్జీ

ధ్యాన భాగము: సామెతలు 12:10, ద్వితీయోపదేశకాండము 22:6, 7



నీతి గలవానిని ఎక్కడ చూచి గుర్తుపట్టవలెను? గుడిలో అతడు పాడు కీర్తనలను బట్టియా, చందా పట్టికలో అతని పేరునకు ఎదురుగానున్న అంకెను బట్టియా? సామెతల గ్రంథకర్త మనలను పశువుల కొట్టములోనికి తీసికొనిపోయి, అచ్చట కట్టివేయబడిన యెద్దును చూడుమనుచున్నాడు. దాని డొక్కలు, దాని మెడమీది పుండు, దాని కన్నులు యజమానుని భక్తిని గూర్చి సాక్ష్యము చెప్పునని ఆ వాక్యభావము. అదే వచనము రెండవ భాగములో మరియొక భయంకరమైన సంగతి యున్నది. దుష్టుడు దయ చూపబోయినను ఆ దయ సయితము క్రూరముగానే పరిణమించునట. ఈ సత్యమును బాల్యములోనే, తన చేతులతో చేసిన పనిని చూచి నేర్చుకొనిన ఒక భక్తుని జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము. ఆయన పేరు జాన్ ఊల్మన్. ఆయన బట్టలు కుట్టుకొని బ్రదికిన దర్జీ. ఆయన మరణించి 250 సంవత్సరములు దాటినను, ఆయన వ్రాసికొనిన దినచర్య గ్రంథము నేటికిని అనేక దేశములలో చదువబడుచున్నది.

బాల్యము

ఊల్మన్ 1720వ సంవత్సరము అక్టోబరు నెలలో, ఉత్తర అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతములో జన్మించెను. అప్పటికి ఆ ప్రాంతము ఇంగ్లండు రాజు ఏలుబడి క్రింద నుండెను. తండ్రి పేరు శామ్యూల్, తల్లి పేరు ఎలిజబెత్. రాంకొకస్ అను ఏటి యొడ్డున వారికి వ్యవసాయము కలదు. పదమూడుగురు బిడ్డలున్న ఆ ఇంటిలో ఊల్మన్ కుమారులలో పెద్దవాడు. వారు మిత్రుల సమాజమునకు చెందినవారు. ఈ సమాజమువారిని లోకము క్వేకరులని పిలుచును. వారి ఆరాధన క్రమము మన సంఘముల క్రమమువంటిది కాదు. వారు కూడుకొని మౌనముగా దేవుని సన్నిధిని కనిపెట్టుకొని, ఆత్మ ప్రేరేపించినవారు లేచి మాటలాడుదురు. ఆదివారము మధ్యాహ్నము తలిదండ్రులు బిడ్డలను కూర్చుండబెట్టి, ఒకరి తరువాత ఒకరిచేత వేదగ్రంథమును చదివించెడివారు.

ఒక దినమున చిన్నవాడైన ఊల్మన్ పొరుగింటికి పోవుచు, దారిలో ఒక చెట్టుమీద గూటిలో నున్న రాబిన్ పిట్టను చూచెను. వాడు సమీపించగా తల్లిపిట్ట ఎగిరెను గాని, దూరముగా పోలేదు. గూటిలో పిల్లలుండుటచేత అది అటునిటు ఎగురుచు అరచుచుండెను. బాలుడు రాళ్లు విసరెను. ఒక రాయి తగిలి తల్లి చచ్చి నేలబడెను. మొదట వానికి తన గురికి సంతోషము కలిగెను. కొన్ని నిమిషములలోనే ఆ సంతోషము భయముగా మారెను. ఏ దోషమును లేని తల్లిని, అదియు బిడ్డలను కాపాడుకొనుచుండగా, ఆటకొరకు చంపితినని వాని మనస్సు గ్రుచ్చుకొనెను. ఇక ఆ పిల్లల గతి యేమి? తల్లి లేక అవి ఆకలితో కుములుచు చచ్చును. బాలుడు చెట్టెక్కి, ఆ పిల్లలన్నిటిని తీసి, మెల్లగా చచ్చుటకంటె ఇదియే మేలని తలంచి తానే చంపెను. అప్పుడు పైన చెప్పిన సామెత రెండవ భాగము వానికి జ్ఞాపకము వచ్చెను. తాను చేసిన క్రూరత్వము చివరకు తన కనికరమును సయితము చంపుడు పనిగా మార్చివేసెనని వాడు గ్రహించెను. ఇంటికి పోవుచు, ఆ తరువాత చాల దినములు, వాడు దీనిని గూర్చియే దుఃఖపడెను.

తల్లిపిట్టను పిల్లలతోకూడ పట్టుకొనరాదని మోషే ధర్మశాస్త్రములో ఆజ్ఞ కలదు. మనలో చాలమంది దానిని త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. గొప్ప ఆజ్ఞలనడుమ ఇంత చిన్న ఆజ్ఞ యెందుకని తలంతుము. ఊల్మన్ జీవితమును చదివినవారు ఇక అట్లు దాటిపోజాలరు. సృష్టికర్త ప్రతి జీవికిని జీవపు మాధుర్యము నిచ్చియున్నాడనియు, దానిని అకారణముగా తగ్గించువాడు ఆ సృష్టికర్తనే నొప్పించుచున్నాడనియు ఆయన జీవితాంతము నమ్మెను. కంటికి కనబడని దేవుని ప్రేమింతునని చెప్పుచు, ఆయన ఊపిరిపోసిన అల్పజీవిని హింసించుట తనలో తానే చీలిపోయిన భక్తియని ఆయన అభిప్రాయము.

అంగడి

21 సంవత్సరముల ప్రాయమున ఊల్మన్ తండ్రి పొలమును విడిచి, మౌంట్ హోలీ అను చిన్న పట్టణములో ఒక వర్తకుని అంగడిలో లెక్కలు వ్రాయు పనికి కుదిరెను. ఒక దినమున యజమానుడు తన యొద్దనున్న ఒక నీగ్రో బానిస స్త్రీని అమ్మి, క్రయపత్రము వ్రాయుమని ఈయనతో చెప్పెను. కొనువాడు ఎదుటనే నిలిచియుండెను. అతడు వృద్ధుడు, తమ సమాజమువాడే. యజమానుని మాట కాదనలేక ఊల్మన్ పత్రము వ్రాసెను గాని, మనుష్యులను బానిసలుగా ఉంచుకొనుట క్రీస్తు మతమునకు సరిపడదని తాను నమ్ముచున్నట్లు వారిద్దరి యెదుట చెప్పెను. అంతటితో ఆయన మనస్సు నెమ్మదింపలేదు. తరువాత మరియొకడు అట్టి పత్రము వ్రాయుమని అడిగినప్పుడు, ఆయన వ్రాయనని మృదువుగా చెప్పివేసెను. మరణశాసనములు వ్రాయుటలో ఆయనకు మంచి పేరుండెను, దానివలన కొంత రాబడియు నుండెను. అయినను బానిసలను బిడ్డలకు ఆస్తిగా వ్రాసియిచ్చు శాసనము తన కలముతో వ్రాయనని తీర్మానించుకొనెను.

పిమ్మట ఆయన కుట్టుపని నేర్చుకొని, తనకై చిన్న అంగడి పెట్టుకొనెను. 1749లో శారా ఎల్లిస్ అను భక్తురాలిని వివాహమాడెను. మరుసటి యేట మేరీ అను కుమార్తె జన్మించెను. బట్టలకు కావలసిన దారములు, బొత్తాములతో మొదలైన ఆ అంగడి యేటేట పెరిగి, తానులు, ఇతర సరుకులతో నిండెను. ఇంకను పెద్ద వ్యాపారమునకు మార్గము తెరచియుండెను. మనలో ఎవరికైన నట్టి స్థితి వచ్చినయెడల స్తుతికూడిక పెట్టించుకొందుము. ఊల్మన్ మాత్రము కలవరపడెను. ధనము పెరిగినకొలది ధనాశయు పెరుగుట ఆయన తనచుట్టును చూచుచుండెను. పేదలు అక్కరలేని ఖరీదైన వస్తువులను అరువు కొని, తీర్చలేక వ్యాజ్యములపాలగుట చూచెను. ఆయన సాధ్యమైనంతవరకు ఉపయోగకరమైన వస్తువులనే అమ్మెను. బీదవాడు వచ్చినప్పుడు తక్కువ వెలగలిగి ఎక్కువ కాలము మన్ను వస్త్రమును కొనుమని సలహా యిచ్చెను. కడకు 1756లో తన కొనుగోలుదారులకు ముందుగా తెలిపి, వేరు అంగడి చూచుకొనుటకు వారికి సమయమిచ్చి, వర్తకమును మానుకొనెను. కుట్టుపనియు, ఆపిలు చెట్ల తోటయు మిగిలినవి. తోటలో ఆయన తానే త్రవ్వి, అంట్లు కట్టి, కొమ్మలు కత్తిరించెడివాడు. ఇల్లు గడుచుటకు అది చాలెను.

నష్టము వచ్చి అంగడి మూసినవారిని మనము ఎరుగుదుము. లాభము పెరుగుచున్నదని అంగడి మూసినవారిని ఎందరిని ఎరుగుదుము?

ఎద్దు మెడ, కౌలు పత్రము

ఊల్మన్ చేసిన పెద్ద సేవ బానిసత్వమునకు విరోధముగా చేసినదే. 1746లో ఆయన వర్జీనియా, కరొలీనా ప్రాంతములలో సంచరించి, అచ్చటి బానిసల దుస్థితిని కన్నులార చూచెను. 1754లో ఆ విషయమై ఒక పుస్తకమును, 1762లో దాని రెండవ భాగమును ప్రచురించెను. 1757లో మరల దక్షిణ ప్రాంతములకు పోయినప్పుడు, తనకు ఆతిథ్యమిచ్చిన ఇండ్లలో పరిచర్యచేసిన బానిసలకు వెండి నాణెములు కూలిగా ఇచ్చుచు వచ్చెను. ఉచితముగా తీసికొనిన ఆతిథ్యములో ఎవరి చెమట కలిసియున్నదో ఆయన మరువలేదు. బానిసల కష్టముతో పండింపబడిన చెరకునుండి వచ్చు పంచదారను విసర్జించెను. బానిసలు కాలినడకను పోవుచుండగా తాను గుఱ్ఱమెక్కి పోవుట తగదని తలంచి, 1766 మొదలుకొని కొన్ని సువార్త యాత్రలు నడచియే చేసెను. యజమానుల ఇండ్లకు పోయి, వారిని తిట్టక, దుఃఖముతో వారి మనస్సాక్షిని తట్టెడివాడు.

అయితే ఈ వ్యాసములో మేము ముఖ్యముగా చూపగోరునది మరియొకటి. నరులను హింసించుటయు, పశువులను హింసించుటయు, భూమిని పిండుటయు ఒకే వేరునుండి పుట్టుచున్నవని ఊల్మన్ కనుగొనెను. బీదల పక్షమున ఆయన వ్రాసిన ఒక పుస్తకము ఆయన మరణించిన తరువాత 1793లో అచ్చుపడినది. అందులో ఆయన యెండలో దున్నుచున్న యెడ్లను, గుఱ్ఱములను వర్ణించెను. వాటి కన్నులును, ఎగసిపడు డొక్కలును అవి బాధింపబడుచున్నవని తెలుపుచున్నవి. బరువు మితిమీరుటచేత, మెరకలోను బురదలోను బండి కదలక, తోలువాడు చెర్నాకోల ఎత్తుచున్నాడు. ఇంతవరకు ఏ దయగలవాడైనను చూడగలడు. ఊల్మన్ ఇంకొక యడుగు ముందుకు వేసెను. తోలువాడు ఎందుకు అంత బరువు వేసెను? అతడు కౌలుదారుడు. భూస్వామి కౌలు హెచ్చించెను. అప్పిచ్చినవాడు వడ్డి హెచ్చించెను. వారెందుకు హెచ్చించిరి? వారి ఇంటికి ఆడంబరమైన వస్తువులు కావలెను. ధనవంతుని గదిలోని అక్కరలేని అలంకారము మెట్టుమెట్టుగా దిగివచ్చి, చివరకు ఎద్దు మెడమీద కాడిబరువుగా నిలిచినది.

భూమి విషయములోను ఆయన అట్లే తలంచెను. భూమికి నిజమైన యజమానుడు దేవుడు. మనము కొంతకాలము కాపురముండువారము. నేలలోని సారమును ఇప్పుడే తోడివేసి, ధాన్యము ఓడలకెక్కించి, మారుగా విలాస వస్తువులు తెచ్చుకొనుట, వెనుక రాబోవు తరమువారి సొమ్మును అపహరించుటవంటిదని ఆయన బోధించెను. భూమి తనదని దేవుడు ఇశ్రాయేలీయులకు స్పష్టముగా చెప్పెను (లేవీయకాండము 25:23). ఏడవ యేట నేలకును, ఏడవ దినమున ఎద్దుకును గాడిదకును విశ్రాంతి నియమించెను. ఊల్మన్ ఆ ఆజ్ఞలను పాతకాలపు యూదుల ఆచారములని విడిచిపెట్టక, వాటి ఆత్మను తన కాలపు పొలములోనికి తెచ్చెను.

రంగులేని వస్త్రము

1761లో ఊల్మన్ జబ్బుపడి లేచిన తరువాత, రంగు అద్దిన వస్త్రములను విడిచిపెట్టవలెనని నిశ్చయించుకొనెను. ఉన్న బట్టలు చినుగువరకు కట్టుకొని, తరువాత ఉన్ని సహజ వర్ణములో నున్న బట్టలే కుట్టించుకొనెను. టోపీ సయితము రంగువేయనిదే. ఆ కాలమున అట్టి టోపీని మోజుకొరకు పెట్టుకొను షోకిలాలు కొందరుండుటచేత, ఈయనయు అట్టివాడేయని కొందరు తలంచిరి. మిత్రులే ఆయనను చూచి దూరముగా తొలగిరి. ఆయన చెప్పిన కారణములు సామాన్యమైనవి. కొన్ని రంగులు బట్టను బలహీనపరచును గనుక, మనుష్యుల కష్టము వ్యర్థమగును. ముదురు రంగు మురికిని కప్పిపెట్టును. మురికిని ఉదుకుట మేలా, కనబడకుండ దాచుట మేలా అని ఆయన ప్రశ్న. దర్జీపని చేయువాడు గనుక ఈ సంగతి ఆయనకు బాగుగా తెలియును.

సముద్రముమీద కోడిపుంజులు

1772 మే నెలలో ఊల్మన్ ఇంగ్లండు దేశమునకు ఓడనెక్కెను. పై గదిలో చెక్కడపు పనులు, అలంకారములు చేసియుండెను. వాటికి ధర చెల్లించుట ఇష్టములేక, ఆయన నావికులు పండుకొను క్రింది భాగములో, చలి, తడి, దుర్గంధముల మధ్య ప్రయాణము చేసెను. అందుచేత పని నేర్చుకొనుచున్న బాలుర కష్టమును, నావికుల చెడునడతకు గల కారణములను ఆయన దగ్గరనుండి చూడగలిగెను.

ఆ ఓడలో ప్రయాణికుల ఆహారముకొరకు తెచ్చిన కోళ్లు ఉండెను. తుఫానులో అలలు పైకి కొట్టగా సుమారు 14 కోళ్లు చచ్చినవి. మరికొన్ని తెగులుతో చచ్చినవి. మిగిలినవి మందముగా ముడుచుకొని యుండెను. ఓడ డెలవేరు నదిలో, నేలకు సమీపముగా నుండగా పుంజులు కూసినవి. నడిసముద్రములో ఒక్కటియు కూసినట్లు ఊల్మన్ వినలేదు. ఇంగ్లండు తీరము సమీపించగా అవి మరల కొన్నిసార్లు కూసినవట. సువార్త పనిమీద పోవుచున్న దైవజనుడు కోడిపుంజుల కూతను లెక్కపెట్టుకొని వ్రాసికొనుట చూచి కొందరు నవ్వవచ్చును. పిచ్చుకలను లెక్కపెట్టు తండ్రిని ఎరిగినవారు నవ్వరు. సముద్రయానములో తినుటకు జీవములను తీసికొనిపోవుట తగ్గించవలెననియు, మన యేలుబడి క్రింద నుంచబడిన ప్రాణుల జీవమాధుర్యమును తగ్గింపకుండ చూచుకొను మృదుత్వము దేవుని ప్రేమయందు పరిపూర్ణమైనవారిలో ఉండవలెననియు ఆయన వ్రాసెను. ఏలుబడి అనగా పిండుకొను అధికారమని లోకము తలంచును. ఏదెను తోటలో దేవుడు నరునికి అప్పగించినది సేద్యమును కాపుదలయునని ఆదికాండము 2:15 చెప్పుచున్నది.

ఇంగ్లండు రోడ్లు

జూన్ 8వ తేదీన ఊల్మన్ లండనుకు చేరెను. అచ్చటి మిత్రులు మొదట ఆయన వింతవేషమును చూచి చల్లగా పలుకరించిరని చెప్పుకొందురు. ఆయన వారిమీద భారము మోపక, తనకు కుట్టుపని వచ్చుననియు, అనుమతి కలుగువరకు పనిచేసికొని భోజనము చేసెదననియు చెప్పగా వారి మనస్సులు కరగినవట. పిమ్మట ఆయన ఉత్తరముగా కాలినడకను బయలుదేరెను.

ఎందుకు నడచెను? ఆ కాలమున ఇంగ్లండులో దూరప్రయాణపు గుఱ్ఱపుబండ్లు ప్రసిద్ధి పొందియుండెను. 24 గంటలలో 100 మైళ్లకు పైగా పోవుచుండెను. దేశమంతయు ఆ వేగమును పొగడుచుండెను. ఊల్మన్ ఆ వేగమునకు వెల యెవరు చెల్లించుచున్నారని విచారించెను. మితిమీరి తోలుటచేత గుఱ్ఱములు చచ్చుట సామాన్యమనియు, మరికొన్ని గ్రుడ్డివగువరకు తోలబడుచున్నవనియు ఆయన వినెను. తపాలా మోయు బాలురు చలికాలపు రాత్రులలో గుఱ్ఱములమీద పోవుచు, కొన్ని చోట్ల చలికి గడ్డకట్టి చనిపోయిరని వినెను. అది వినిన తరువాత ఆయన ఆ బండ్లు ఎక్కలేదు. తనకు ఆ తపాలాలో ఉత్తరములు పంపవద్దని స్నేహితులకు తెలియజేసెను. సముద్రమునకు ఆవల భార్యాబిడ్డలున్నవాడు ఆ మాట చెప్పుట ఎంత కష్టమో మనము ఊహింపగలము. నడచుచు, ఆయా గ్రామములలో ధాన్యము ధర యెంత, కూలివాని దినకూలి యెంత అని విచారించి వ్రాసికొనెను.

బట్టలకు రంగులద్దు పట్టణములగుండ ఆయన నడచెను. రంగునీరు కాలువలుగా పారి ఇంకిన నేలమీద ఆయన అడుగులు పడెను. ఇరుకు వీధులలో మురుగు కంపుచేత గాలి చెడియుండెను. రంగులకు, అద్దకమునకు చేయు ఖర్చంతయు ఇండ్లను వీధులను శుభ్రముగా నుంచుటకు వినియోగించినయెడల జనులు ఎంత పరిశుభ్రముగా నుందురో గదాయని ఆయన దుఃఖించెను. కర్మాగారముల పొగ ఇంగ్లండును ఇంకను కమ్ముకొనక మునుపే, ఒక దర్జీ తన కాళ్లక్రింది నేలను చూచి ఈ సంగతి గ్రహించెను.

అంత్యకాలము

సెప్టెంబరు నెలలో యార్కు పట్టణము చేరిన కొలదిదినములకే ఆయనకు మశూచి సోకెను. 1772 అక్టోబరు 7వ తేదీన, 52 సంవత్సరములు నిండుటకు కొద్దిదినములు ముందుగా, ఆయన ప్రభువునందు నిద్రించెను. తన సమాధి విషయమై ఆయన ముందుగానే చెప్పియుంచెను. పెట్టె సాదాగా, ఆష్ అను చెట్టు చెక్కతో చేయవలెను. ఓకు చెక్క ఇతర పనులకు ఎక్కువ ఉపయోగపడును గనుక దానిని పూడ్చిపెట్టి వ్యర్థము చేయరాదు. పెట్టెకు వెలగా తన బట్టలు ఇచ్చివేయవలెను. గొయ్యి త్రవ్విన వానికి తన చెప్పులు ఇవ్వవలెను. మరణశయ్యమీద సయితము, ఏ మ్రాను ఎందుకు పనికివచ్చునో ఆలోచించిన మనస్సు అది. ముట్టడివేళ పండ్లచెట్లను నరుకవద్దని ఆజ్ఞాపించిన దేవుని (ద్వితీయోపదేశకాండము 20:19) ఆత్మ ఆయనలో నుండెను.

ఆయన విత్తినది వ్యర్థము కాలేదు. 1776లో ఫిలడెల్ఫియాలోని మిత్రుల వార్షిక సభ తమ సభ్యులెవరును బానిసలను ఉంచుకొనరాదని తీర్మానించినది. ఆయన మరణించిన 50 సంవత్సరములకు, 1822లో, ఇంగ్లండు పార్లమెంటు పశువులను క్రూరముగా హింసించుటను నేరముగా ఎంచి చట్టము చేసినది. 1824లో లండనులో జీవకారుణ్య సమాజము స్థాపింపబడినప్పుడు, ఆర్థర్ బ్రూమ్ అను గురువు దానికి ముఖ్యుడై యుండెను. మన దేశములోను పశుహింస నివారణకు 1960లో చట్టము చేయబడినది. చట్టము బల్లమీద నుండును. అది మన కొట్టములోనికి రావలెనన్న మన హృదయములగుండ రావలెను.

మనకు వర్తింపు

ప్రియులారా, ఈ జీవితము చదివి కొందరు ఇట్లు అనవచ్చును: ఊల్మన్‌కు తోట యుండెను, చేతిపని యుండెను, మేము దినము గడుచుట కష్టమైనవారము, పశువును జాలిపడి నిలిపితిమేని మా పొయ్యి వెలుగదు. ఈ మాటలో నిజమున్నది. అందుచేత మేము బండి తోలువానితో మొదలుపెట్టము. ఊల్మన్ చేసినట్లు, మెట్టుమెట్టుగా పైకెక్కుదము. మన సంఘములలో కౌలుకు పొలమిచ్చువారున్నారు. వడ్డీకి రొక్కమిచ్చువారున్నారు. తక్కువ కిరాయికి ఎక్కువ సరుకు చేరవేయుమని బలవంతపెట్టు వర్తకులున్నారు. పశువుమీద పడిన దెబ్బలో వారి పాలు ఎంతయో వారు దేవునియెదుట లెక్క చూచుకొనవలెను. నూరు రూపాయలు ఆదా చేయవలెనని మనము ఆడిన బేరము ఎవని మెడమీద, దేని మెడమీద పడినదో విచారింపవలెను.

ట్రాక్టరులు వచ్చిన తరువాత కాడియెడ్లు తగ్గినవి. హింస తగ్గినదా? లారీలో నిలువ చోటులేకుండ కుక్కిన గేదెలను, మోటారు సైకిలుకు తలక్రిందుగా వ్రేలాడదీసిన కోళ్లను ప్రతి సంతరోజున చూచుచున్నాము. చూచి చూచి మన కన్నులు అలవాటుపడినవి. తినుటకు కొన్న కోడినైనను నీడనుంచి, నీళ్లుపెట్టి, బాధలేకుండ తీసికొనిపోవుట సాధ్యమే. దూడకు పాలు విడుచుట, ముసలిదైన ఎద్దును రోడ్డుమీదికి తోలివేయకుండుట, కాడిపుండు మానువరకు కట్టకుండుట, ఇవి మన తాతలు ఎరిగిన మర్యాదలు.

నేల విషయము చూడుడి. కోత కాగానే గడ్డి తగులబెట్టుచున్నాము. ఆ మంటలో నేలను సారవంతము చేయు ప్రాణులు మాడిపోవుచున్నవి, పశువుల మేతయు పోవుచున్నది. పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగుచున్నాము. దిగువ ఊరివారు, వారి పశువులు ఆ నీరే త్రాగుచున్నారు. మనము పారవేసిన ప్లాస్టిక్ సంచులు ఆవుల కడుపులో చేరుచున్నవి. అమ్ముటకు పండించు పైరుకు మందు కొట్టి, ఇంటికి వేరుగా మందులేని మడి ఉంచుకొనువాడు పొరుగువానిని తనవలె ప్రేమించుచున్నాడా? రొయ్యల చెరువు ఉప్పునీరు ప్రక్క చేనిలోనికి వదలి, ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చువాడు, వచ్చుటకు ముందు ఆ చేనివానితో సమాధానపడవలెను గదా?

అందరును అంగడి మూయవలెనని మేము చెప్పము. ఊల్మన్ సయితము తన మార్గమును ఇతరులమీద ఆజ్ఞగా మోపలేదు. ఆయన అడిగిన ప్రశ్నను మాత్రము మనమును అడుగుకొనవలెను. ఈ సరుకు నిజముగా కావలసినదేనా? ఇది నాయొద్దకు వచ్చుటలో ఎవరు నలిగిరి, ఏ జీవి నలిగినది? నా తరువాత ఈ నేలను దున్నువానికి ఏమి మిగిలియుండును? ఈ నెల ప్రతి కుటుంబమును ఒక సాయంకాల ప్రార్థనలో యోనా గ్రంథము 4వ అధ్యాయము చదువవలెనని కోరుచున్నాము. దాని చివర దేవుడు నీనెవె పట్టణముయెడల తన కనికరమునకు కారణములు చెప్పుచు, అచ్చటి పశువులను సయితము మరువక లెక్కలో చేర్చెను. చదివిన తరువాత పెద్దలు లేచి, పిల్లలను వెంటబెట్టుకొని, కొట్టములోనికి పోయి చూడవలెను. తొట్టిలో నీళ్లున్నవో లేవో, త్రాడు మెడను కోయుచున్నదో లేదో ఆ రాత్రియే చూచి సరిచేయవలెను.

ప్రార్థన: సకల ప్రాణులకు తగిన కాలమున ఆహారమిచ్చు తండ్రీ, నీవు మాకు అప్పగించిన పశువులయెడలను, నేలయెడలను మేము గృహనిర్వాహకులమని మాకు జ్ఞాపకముచేయుము. మా లాభము క్రింద నలుగుచున్నవారి మొరను, నోరులేని జీవుల మొరను వినగల చెవులు మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.